మా ఆయన ఉత్తుత్తి కత్తులు

మా ఆయనకు కత్తులంటే పిచ్చి. నిజమైనవి కావు, నకళ్లు. పాతకాలపు సమురాయ్ దొరల కత్తులను అచ్చు గుద్దినట్టు పోతపోసి, మెరుగుపెట్టి అమ్ముతారు జపానులో మా సెకి ఊళ్లో. వాటితో వంకాయ కూడా తెగదు. అయినా ఈయన రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తారు, పిడికి ఉన్న పట్టుతాడు విప్పి తన చేత్తో మళ్లీ చుడతారు, చెర్రీ చెక్కతో స్టాండ్లు చేస్తారు. ముందు గదిలో నేను పూలు పెట్టుకునే గూడు ఎప్పుడో వాటిపాలైంది. నేను నడుం నొప్పని మూలిగితే మాత్రం తలైనా తిప్పరు.

కత్తుల మీద కుళ్లుకోవడం సిగ్గుచేటని సర్దుకున్నాను. అప్పుడు వచ్చింది చిగుసా.

పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, ముప్పై కూడా నిండలేదు. కత్తుల సంతలో పరిచయమైందట. ప్రతి ఆదివారం వచ్చి గూటి ముందు మోకాళ్ల మీద కూర్చుని, వంగి దణ్ణం పెట్టి, "గురువుగారూ, ఈ కొత్తది ఎవరిదండీ?" అంటుంది. అంతే, నాతో "ఊఁ", "టీ", "స్నానం" తప్ప మాట్లాడని మనిషికి ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తాయో అన్ని మాటలు!

"ఇదా? దీని కథ మొదలెడితే నువ్వు ఆఖరి బస్సు కూడా వదిలేస్తావు!" అంటూ పకపకా నవ్వుతారు.

నేను వంటింట్లో ముల్లంగి తరుగుతూ వింటాను. ఆ నవ్వు నా ముందు ఒక్కనాడూ నవ్వలేదే అని కడుపు మండిపోతుంది. అయినా ఒక్క ముక్క వదలను. అలా విన్నదే ఇదీను.

"పిడి ఎడమచేతి వైపు ఉంటే వచ్చినవాళ్లను నమ్మినట్టు. కుడివైపు పెడితే, చటుక్కున దూయడానికి సిద్ధంగా ఉన్నట్టు. అతిథికి అంతకన్నా అవమానం లేదు."

పోయిన నెల ఓ ఆదివారం జోరున వాన. ఆ పిల్ల తడుస్తుందని ఈయన బస్టాపుకు ఎదురెళ్లారు. ఇద్దరూ ఒకే గొడుగు కింద నవ్వుకుంటూ రావడం కిటికీలోంచి చూశాను. గబగబా గూటి దగ్గరికి వెళ్లి కత్తులన్నీ తిప్పేశాను, పిడులు కుడివైపుకి.

చిగుసా వచ్చి కూర్చుంది. కత్తులు చూసింది. ముఖం పాలిపోయింది. ఈయన కత్తుల వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు.

"అమ్మగారూ, ఏదో పనుంది, మర్చేపోయాను," అంటూ నుదురు చాపకు ఆనేంతగా నాకు నమస్కరించి లేచింది.

"అయ్యో, టీ తాగి వెళ్లమ్మా," అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఈయన తిట్టలేదు. కత్తులను ఒక్కొక్కటిగా గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశారు. "నీ పూలు పెట్టుకో," అన్నారు. పెట్టుకున్నాను. ఆదివారాలు వచ్చి పోతున్నాయి. ఇంట్లో నా చాకు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇన్నేళ్ల కాపురంలో నా మొగుడి గొంతు తీరిగ్గా విన్నది ఆ పిల్ల వచ్చినప్పుడే అని అప్పుడు తెలిసొచ్చింది. ఆ పిల్లను వెళ్లగొట్టబోయి ఆ గొంతునే వెళ్లగొట్టుకున్నాను.

నిన్న భోజనాల దగ్గర నేనే కదిపాను. "ఏమండీ, ఆ నల్ల ఒర కత్తి ఎవరిదండీ?"

"నీకు తెలుసుగా," అన్నారు గిన్నెలోంచి తలెత్తకుండా. "వంటింట్లోంచి అన్నీ వినేదానివి."

తెలుసు. ఎవరిదో, ఎవరి చేతికి ఎలా మారిందో, అంతా తెలుసు. తెలిసినదానికి ఎవరు చెబుతారు?

ఇవాళ పొద్దున ఈయన నడకకు వెళ్లగానే ఫోను చేశాను.

"చిగుసా, ఆదివారం రామ్మా. కత్తులు బయటికి తీయిస్తాను."

"గురువుగారు రమ్మన్నారా?"

"లేదు. నేనే."

"అమ్మగారూ, నేనొస్తే మీకు కష్టంగా ఉంటుంది కదా?"

"ఉంటుంది. ఒళ్లు మండుతుంది. అయినా రా. వచ్చి ఆయన చేత కాస్త గట్టిగా మాట్లాడించు. వంటింట్లోకి సరిగా వినపడదు."