నడుమ పొర

రాగి పూత పనిలో శ్రీరామ్మూర్తిది పద్దెనిమిదేళ్లుగా ఆరితేరిన చెయ్యి. అచ్యుతాపురంలోని ఆ ప్లేటింగ్ షాపులో మామూలు పూత ఎవరైనా వేస్తారు గాని, గట్టిపొడి కలిపిన పూత మాత్రం అతనే వెయ్యాలి. తొట్టెలో నీలం ద్రావణం, అందులో కంటికి ఆనని సిలికాన్ కార్బైడ్ పొడి. కరెంటు పారుతుంటే రాగి మెల్లగా వస్తువును పట్టుకుంటుంది, దాంతోపాటే పొడి రేణువులూ పొరలో ఇరుక్కుంటాయి. ఉత్త రాగి మెత్తన. రేణువులుంటేనే ఒరిపిడికి ఆగుతుంది. అందుకే తొట్టెను కలియబెట్టే మోటారు ఆగకూడదు. ఆగిందా, పొడి అడుక్కి దిగిపోతుంది.

ఆ మంగళవారం అది ఆగింది. భోజనం చేసి వచ్చేసరికి ద్రావణం కదలకుండా ఉంది. పూత కరెంటు మాత్రం పారుతూనే ఉంది. లోపల వేలాడుతున్నది పోర్టులో కంటైనర్లెత్తే క్రేనుకు బిగించే స్లిప్ రింగ్. దాన్ని ఒరుసుకునే బ్రష్షుల ద్వారానే క్రేనుకు కరెంటు అందుతుంది. శ్రీరామ్మూర్తి మోటారు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఆగి ముప్పావుగంట పైమాటే.

మోటారు మళ్లీ ఆన్ చేసి, యజమాని గురునాథరావు దగ్గరికి పరిగెత్తాడు.

"నడుమ పొరలో పొడి లేదండి. పైది అరిగిపోనాక ఇంకాగదండి, మొత్తం నాల్నెల్లే. పూతంతా తీసీసి మళ్లీ ఏత్తాను, రెండ్రోజులియ్యండి."

"పై పొరలో పొడి పడుతోందా?"

"ఇప్పుడు పడతందండి."

"గేజీ పెడితే మందం వస్తుందిగా? లోపల ఏముందో ఎవరు చూస్తారయ్యా! సాయంత్రం బండెక్కాలి."

సాయంత్రం బండెక్కింది. రింగు తళతళలాడుతోంది. పైకి చూసి అందులో తప్పు పట్టడం శ్రీరామ్మూర్తి వల్ల కూడా కాదు.

చెల్లెలు గౌరీశ్వరి భర్త సాయిశంకర్ పోర్టులోనే కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. అతనికి ఫోన్ చేశాడు.

"బావా, ఆ రింగు బిగించొద్దని సెప్పు."

"ఎవులికి సెప్పను బావా? సర్టిఫికెట్‌తో వొచ్చినాది, స్టోర్సోళ్లు దింపుకున్నారు. నోటిమాటకి ఎనక్కి పంపుతారేటి? మీ ఓనరు సేత కాయితం రాయించు."

"ఆయన రాయడు."

"మరి నానేటి సెయ్యను?" అన్నాడు సాయిశంకర్. "సర్లే, పెతీ వారం రింగు మీద మూత తీసి నానే సూసుకుంటాను. దిగులెట్టుకోకు."

అయినా మనసొప్పక, సెలవు పెట్టి, తన చేత్తోనే కాగితం రాసుకుని పోర్టు గేటుకు వెళ్లాడు. పాసు లేదన్నారు. ఎండలో రెండు గంటలు నిలబెట్టాక ఒక గుమాస్తా వచ్చి కాగితం తీసుకున్నాడు గాని రసీదివ్వలేదు. గోడ మీదుగా దూరాన క్రేను కంటైనర్లను అగ్గిపెట్టెల్లా ఎత్తి దింపుతోంది. తన రింగు ఆ క్రేనుకేనో కాదో కూడా శ్రీరామ్మూర్తికి తెలియదు.

మూడు నెలలు సాయిశంకర్ వారం వారం ఫోన్ చేసి "బాగానే ఉన్నాది" అన్నాడు. నాలుగో నెలలో ఒకరోజు "ఎర్రపొడి రాల్తంది బావా. సూపర్‌వైజరుకి సెప్పినాను. ఓడ ఎల్లిపోనాక ఆపుదాం అన్నాడు" అన్నాడు.

"ఆపకుండా మూత ముట్టుకోకు!"

"అలాగేలే."

మర్నాడు క్రేను కుదుపుతోంటే, కరెంటు తీయడానికి ఒప్పుకోక, పొడి ఊడ్చేసి రమ్మని సాయిశంకర్ని పంపారు. మూత సగం తెరిచాడో లేదో, రాలిన రాగిపొడి మీదుగా కరెంటు పారి మంట ఎగిసింది.

ఆస్పత్రిలో అతని రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. విచారణకు వచ్చిన అధికారి 'బ్రష్షు స్ప్రింగు లోపం' అని రాసుకున్నాడు. శ్రీరామ్మూర్తి అతని వెంట వరండాలో నడుస్తూ నడుమ పొర సంగతంతా చెప్పాడు.

"ఆధారం ఉందా?"

"రింగు కోసి సూడండి, తెలిసిపోద్ది."

"కొయ్యడానికేముందండీ, కరిగి ముద్దయింది."

"గేటు దగ్గర కాయితం ఇచ్చినానండి."

"ఇన్వర్డు రిజిస్టరులో ఎక్కలేదు," అన్నాడు అధికారి, మర్యాదగానే.

శ్రీరామ్మూర్తి వార్డులోకి తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని, పెరుగన్నం కలిపి బావ నోటికి అందించసాగాడు. గౌరీశ్వరి మందులు పట్టుకుని వచ్చింది.

"అన్నియ్యా, వారం వారం ఆ మూత తియ్యడం ఈయన డూటీ కాదంట కదా. ఈయనతో పన్జేసేవోళ్లందరూ అంతన్నారు, ఈయనే ఎగబడి ఎల్లేవోడంట. ఎవులు సెప్పినారు ఈయనకి?"

సాయిశంకర్ వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు. శ్రీరామ్మూర్తి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నాన్సెప్పిందే అమ్మా. రింగు మంచిది కాదని నానే సెప్పినాను."

"మంచిది కాదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. అందరికీ సెప్పినాను."

ఆమె అన్న చేతిలోంచి గిన్నె తీసుకుని, మంచానికి అవతలి పక్క కూర్చుని, భర్తకు తనే తినిపించడం మొదలుపెట్టింది. శ్రీరామ్మూర్తి ఎంగిలి చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి అలాగే కూర్చున్నాడు.