రెండో సారలమ్మ

...అయినా ఫైలు ఎక్కడికి పోతుంది, సర్వర్‌లో ఏదో ఒక మూల ఉండకపోదు, వెతికే ఓపిక ఉండాలి గానీ అని సుదర్శన్ తనకు తాను చెప్పుకోవడం పొద్దున్నుంచి ఎన్నోసారో అతనికే తెలియదు. చెప్పుకున్న ప్రతిసారీ లేచి కిటికీ దాకా వెళ్తున్నాడు. కింద సుబేదారి రోడ్డు మీద ఆగిన ఆటోలను చూసి, తిరిగి వచ్చి, మళ్ళీ అదే ఫోల్డరు తెరుస్తున్నాడు. సారలమ్మ పేరుతో అందులో ఒకే ఒక్క ఫైలు. నొక్కితే పాలంపేట సారలమ్మ పాడుతుంది. బండగొంతు, మధ్యలో ఎక్కడో మేక అరుపు. హసన్‌పర్తి సారలమ్మ మాత్రం పాడదు.

పాడదు, ఎందుకంటే ఆమెను తుడిచేసింది తనే.

బతుకమ్మ పాటలు పాడే ఆడవాళ్ళ గొంతులు దాచే వెబ్‌సైటు అది. చేతినిండా పని లేని రోజుల్లో సుదర్శన్ సరదాగా మొదలుపెట్టాడు. ఎవరైనా పాట పంపితే, పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో అతను రాసిన చిన్న ప్రోగ్రాం దాన్ని అందుకుంటుంది. పాడినామె పేరునే ఫైలుకు పెట్టి ఫోల్డరులో దాస్తుంది. అదే పేరుతో మరొకటి వస్తే? పాతదాన్ని చెరిపేసి కొత్తది కూర్చుంటుంది. ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. ఈ పేరుతో ముందే ఏదైనా ఉందా అని అడిగే లైను ఒక్కటి రాసి ఉంటే సరిపోయేది.

ఎందుకు రాయలేదు? మరిచిపోయాననడం జవాబు కాదు. మేడారం జాతర ఏడు పుట్టిన ఆడపిల్లకు సమ్మక్క అనో సారలమ్మ అనో పేరు పెట్టుకునే ఊళ్ళ మధ్య పెరిగాడు తను. మేనత్త పేరు సారలమ్మ. బళ్ళో పొడుగు సారలమ్మ, పొట్టి సారలమ్మ అని సార్లు పిలిచేవాళ్ళు. అన్నీ తెలుసు. కానీ కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు అతను ఇక్కడ లేడు. ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న ఇంగ్లీషు పాఠాల్లో ఉదాహరణలుగా జాన్, మేరీ ఉండేవారు. జాన్ ఒక్కడే, మేరీ ఒక్కతే. ఆ ఊళ్ళో ఇద్దరు మేరీలు ఎప్పుడూ ఎదురుపడలేదు. వేలు పొరబడలేదు, మనసే తన వాళ్ళను బయట నిలబెట్టి తలుపేసుకుంది.

ఈ ఆలోచన ఎంతో లోతుగా తోచి, కాసేపు హాయిగా కూడా అనిపించింది. వెంటనే ఆ హాయిని గుర్తుపట్టి చిరాకుపడ్డాడు. తప్పు ఎలా జరిగిందో అర్థమైతే చాలు, ఇక ఎవరికీ చెప్పక్కరలేదన్నట్టు!

చెప్పాల్సింది హసన్‌పర్తి సారలమ్మ కూతురు సుకన్యకు. తల్లి పాటను పోయినేడు తన ఫోన్లో రికార్డు చేసి పంపింది ఆమే. ఆ ఫోను చెరువులో పడిపోయింది. ఎండాకాలంలో తల్లికి పక్షవాతం వచ్చింది. కాలు కొంత స్వాధీనమైంది గానీ నోట మాట లేదు. "మాట రానోళ్ళకు ఒక్కోసారి పాట వస్తుంది, ఆమె పాటే ఆమెకు వినిపించి చూడండి" అన్నదట దవాఖాన డాక్టరమ్మ. సుకన్య ఫోన్ చేసి అడిగిన రోజు సుదర్శన్ ఫోల్డరు చూడకుండానే "ఉన్నదక్కా, పంపుత" అన్నాడు. చూసుకున్నాక రెండుసార్లు "సర్వర్ సతాయిస్తాంది" అన్నాడు. సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగు వాళ్ళను అడిగితే అంత పాత నకళ్ళు తమ దగ్గర ఉండవన్నారు. పాలంపేట గొంతునే ఆమెదని పంపేద్దామని సాఫ్ట్‌వేర్‌లో కాస్త సన్నం చేసి కూడా చూశాడు. విని, గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఇవాళ పొద్దున సుకన్య అడగలేదు. "దవాఖానకు వస్తానం తమ్మీ. పెన్‌డ్రైవ్ తీస్కొని నీ ఆఫీసుకు గూడ వస్త. నీ సర్వర్ సంగతేందో నేనే అర్సుకుంట" అని ఫోను పెట్టేసింది.

కింద ఆటో ఆగిన చప్పుడు. సుదర్శన్ లేచి ఫ్యాను ఆపాడు. లైటు ఆర్పాడు. తలుపుకు గడియ పెట్టాడు. ముప్పై దాటిన మనిషి, సొంత ఆఫీసు గదిలో, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు దగ్గరైంది.

"తమ్మీ! ఓ తమ్మీ!"

టేబులు మీద అతని ఫోను మోగింది.

"వారెవ్వా! ఫోనేమో లోపల మోగుతాంది, నువ్వేమో ఊరు మీద తిరుగుతానవా?" తలుపవతల సుకన్య నవ్వింది. "తియ్యిరా బాబూ, నేనేమన్న పోలీసోళ్ళనా? అమ్మ కింద ఆటోల కూసున్నది. పొద్దుగాల తల దువ్వేదాక ఊకోలే. కొత్త చీర గూడ కట్టిచ్చుకున్నది. దేనికే అంటే, చెవు మీద చెయ్యి పెట్టి చూపెడతాంది."

పండుగ అయ్యాక ఇస్తాననాలి. కరెంటు లేదనాలి. కానీ అతని చెయ్యి గడియ తీసింది.

"సర్వర్ మంచిగనే ఉన్నదక్కా. పాట లేదు. ఇంకో సారలమ్మ పాట వస్తే నా ప్రోగ్రాం మీ అమ్మ పాటను చెరిపేసింది. నా తప్పే."

సుకన్య ముఖంలోని నవ్వు వెంటనే పోలేదు, ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది.

"ఉన్నదంటివి గద?"

"చూడకుండ అన్న."

"గిన్ని రోజులు ఆడుకున్నవురా మాతోని?" ఆమె పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లో బిగించింది. "నేను జెప్ప. ఆమె మొకం చూసి నేను జెప్పలేను. నువ్వే పోయి చెప్పు."

కిందికి దిగాడు. ఆటోలో సారలమ్మ ఆకుపచ్చ చీరలో నిటారుగా కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. సుదర్శన్ ఆమె మోకాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, ఆ మాటలే మళ్ళీ చెప్పాడు. ఇంకో సారలమ్మ అనగానే ఆమె ఎడమ చెయ్యి లేచింది. రెండు వేళ్ళు చూపింది.

"అవునమ్మా. ఇద్దరు. ఆమెది పాలంపేట."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు ఊరాయి. పెదవి ఎడమ కొస మాత్రం పైకి లేచింది. అది ఏడుపో, వెక్కిరింపో సుదర్శన్‌కు అంతుపట్టలేదు. ఎడమ అరచెయ్యి తొడ మీద ఒకసారి పడింది. మళ్ళీ పడింది. మూడోసారి పడేసరికి గొంతులోంచి ఏదో గరగరమని కదిలింది.

"అమ్మా, ఏందే?" వెనక నుంచి సుకన్య పరుగున వచ్చింది.

పాట రాబోతోందో, తిట్టు రాబోతోందో తెలియదు. సుదర్శన్ జేబులోంచి ఫోను తీసి, అడుగుతున్నట్టు ఆమెకు చూపించాడు. ఆమె చెయ్యి ఆగలేదు. ఫోనును ఆమె నోటి దగ్గరగా పట్టుకుని, రికార్డు చేసే ఎర్ర గుండీ నొక్కాడు.