తీగపాకం

పట్టుపంచె సంచి అడుగున పెట్టి, దానిమీద నాలుగు చొక్కాలు, మందుల డబ్బా సర్దింది లోవమ్మ. తునిలో మరిది గృహప్రవేశం. భర్త దేముడుబాబుతో కలిసి సాయంత్రం బండికి వెళ్లాలి. ఎవరు ఏ ఊరు బయల్దేరినా ఆవిడకి గుండె పీచుపీచుమంటుంది. సంచి జిప్పు వేసి, తీసి, మళ్లీ వేసింది.

దేముడుబాబు అసలే షుగరు మనిషి. నాలుగు రోజులుగా చలిజ్వరం. లోవమ్మ అక్క కూతురు సాయిదుర్గ సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. మొన్న తనే దగ్గరుండి అక్కడి డాక్టరమ్మకి చూపించి, రక్తం తీయించింది. ఆ రక్తాన్ని గాజు ప్లేటులో జున్నులా పేరుకున్న మేతమీద పెంచుతారట. సూక్ష్మజీవులు బొట్లుబొట్లుగా లేస్తాయట. ఒక్కో జాతి బొట్టుది ఒక్కో రూపమట.

మధ్యాహ్నం ఆ పిల్లే ఫోన్ చేసింది.

"పిన్నీ, బాబాయ్ ప్లేటు చూశాను. బొట్లు పెద్దవిగా, బూడిదరంగులో తడితడిగా మెరుస్తన్నాయి. తీగముక్క తగిలించి లేపితే సాగింది. తెగలేదు."

"తీగపాకంలాగానా?"

"అచ్చం అలాగే."

లోవమ్మ హమ్మయ్య అనుకుంది. గవ్వలకి పాకం పడితే తీగ రావడం కోసమే కదా కాచుక్కూర్చుంటారు! "పోన్లే తల్లీ, అయితే బాగున్నట్టే."

"అయ్యో పిన్నీ, ఇది మంచి పాకం కాదు! పేరు రేపు తేలుతుంది గానీ, ఇలా సాగేది షుగరున్నవాళ్ల కాలేయాన్ని పట్టేస్తుంది. డాక్టరమ్మ వెంటనే ఆసుపత్రిలో చేర్చమంది. బాబాయ్‌ని బండి ఎక్కించకు."

విని దేముడుబాబు నవ్వాడు. "టీలో పంచదార మానిపించి, నా నెత్తురులో పాకం పడతన్నారేటి? తమ్ముడి గుమ్మంలో నేను లేకపోతే ఊరేటనుకుంటది?"

"అనుకోనీండి. వచ్చే నెల వెళ్దురుగాని."

"నువ్వు ప్రతి బండికీ ఏడుస్తావే."

"ఈ బండి తప్పితే ఏడవను. ఆటో పిలుస్తన్నాను."

పట్టుపంచె తీసేసి రెండు లుంగీలు, దుప్పటి పెట్టింది. ఆయన మూతి ముడుచుకుని, చివరికి తనే చెప్పులు తొడుక్కున్నాడు. ఇంటి దగ్గర మౌలాలి మలుపులో ఆటో నడిపే సదాశివ చెయ్యందించాడు.

"మెల్లగ ఎక్కు పెద్దాయన, పరేషాన్ గాకు. గుంతలు జూస్కుంట తీస్కపోత."

మందు ఆ సాయంత్రమే షురూ చేశారు. కాలేయంలో చీముగడ్డ అప్పటికే పగిలిందని మర్నాడు స్కానింగులో తేలింది.

దేముడుబాబు ఇంటికి తిరిగి రాలేదు. 2024 ఫిబ్రవరి 25, ఆదివారం ఉదయం పోయాడు.