మాటలు లేని పులి

శనివారం పొద్దున మొదలైన టీవీ రిమోటు తగవు మధ్యాహ్నమైనా తెగలేదు. "ఆ పులుల పడం వద్దు పాపా, నాటకం పెట్టు," అంటోంది కాంతమ్మాళ్. పడం అనే సినిమా అయినా, నాటకమనే టీవీ సీరియలైనా మాటలు విని నెట్టుకొస్తుంది. చూపు మసకబారిందని తెలిస్తే కొడుకు పత్తి చేలోకి రానివ్వడని ఆమె దిగులు.

మనవరాలు కళైవాణి వినలేదు. డాక్యుమెంటరీలో పులి తన పిల్లను నోట కరుచుకుని సద్దు లేకుండా వాగు దాటుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు.

"ఏమే, కరెంటు పోయెనా?" అంది కాంతమ్మాళ్.

తెర మీద పులి ఇంకా నడుస్తూనే ఉంది. "పోయినేడు పత్తి ఎట్ల ఏరితివమ్మా?" అన్నాడు కొడుకు రామ్‌కుమార్ మెల్లగా.

"వేళ్ళతో తడిమి. అందుకే పత్తిలో ఆకు పడె. తప్పు నాది, మాట నీ పెండ్లాము పడె."

తర్వాత అందరికీ వినబడేలా నెమ్మదిగా చెప్పింది. "ఈ ఏడు పత్తి మీరే ఏరండి. సోమవారం నన్ను మదురై కంటి ఆసుపత్రికి పిలుచుకొని పోండి."