శనివారం గుడ్లు

బతికినన్నాళ్ళూ కోళ్ళు పెంచిన మనిషిని, పోయిన తరువాత దర్జీని చేసే అధికారం ఎవరికి ఉంది? ఈ మాట నేను మా అన్న కొడుకు మార్విన్‌ను అడిగాను. వాడు నా వంటింట్లో కూర్చుని టీలో నిమ్మచెక్క పిండుకుంటున్నాడు.

మార్విన్ మా నాన్న జెలిగ్ మీద నవల రాశాడు. మర్నాడు, సోమవారం, అది అచ్చుకు వెళ్ళబోతోంది. అందులో నాన్న న్యూయార్క్‌లో యూదులుండే ఒక ఇరుకు సందులో, ఐదో అంతస్తులో, కుట్టుమిషన్ ముందు దగ్గుతూ ఉంటాడు. నిజానికి నాన్న పోలండ్ నుంచి ఓడలో వచ్చి, దిగినవాడు దిగినట్టే న్యూజెర్సీలోని వైన్‌లాండ్ చేరి, అక్కడి ఇసుకనేలలో కోళ్ళ ఫారం పెట్టాడు. సూదిలో దారం ఎక్కించడం కూడా ఆయనకు చేతకాదు. ఆ ఇసుకనేలను పుస్తకంలోకి తిరిగి రప్పించడానికి నాకు మిగిలింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

"సందు లేకపోతే యూదుడంటే ఎవరూ నమ్మరత్తా. ప్రచురణకర్తే అన్నాడు," అన్నాడు మార్విన్.

"మరి మీ తాత ఎవరట? కోడిపుంజా?"

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. శనివారం సంగతి చెప్పాను.

శనివారం మాకు విశ్రాంతి దినం. ఆ రోజు పెట్టిన గుడ్డును చుక్కలు పొడిచేదాకా ముట్టకూడదు. కోళ్ళకు ఆ నియమం లేదు. గూళ్ళలో వదిలేసిన గుడ్లను పొడిచి తిన్నాయి. ఒకసారి రుచి మరిగిన కోడి వారమంతా పొడుస్తుంది. ఫారం మునిగిపోయే స్థితి వచ్చింది. ఒక శనివారం నాన్న ప్రార్థన నుంచి వచ్చి, ప్రార్థనకు వేసుకెళ్ళిన కోటుతోనే బుట్ట పట్టుకుని బయలుదేరాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమయ్యా, నువ్విప్పుడు యూదుడివా, రైతువా?"

"నన్నెందుకు అడుగుతావే, కోళ్ళనడుగు."

అమ్మ పక్కకు తొలగింది. ఆ గుడ్లను మాత్రం మా వంటింట్లోకి ఎన్నడూ రానివ్వలేదు. ఆ నియమం లేని ఇటాలియన్ పొరుగువాళ్ళకు అమ్మింది. ఆ గుమ్మంలో జరిగింది ఏ సందులోనూ జరగదు.

మార్విన్ టీ కప్పు పక్కన పెట్టాడు. "ఇది బాగుందత్తా. వాడుకుంటా. దర్జీ మేడ మీద నాలుగు కోళ్ళు పెడితే సరి."

"నాలుగు కోళ్ళ కోసం శనివారపు నియమం ఎవడు తప్పుతాడురా?"

"చదివేవాళ్ళు అంత లెక్క చూస్తారా?"

పుస్తకం వచ్చింది. మేడ మీద కోళ్ళున్నాయి. అచ్చమైన జీవితమని పత్రికలు మెచ్చుకున్నాయి. వైన్‌లాండ్ పేరు ఎక్కడా లేదు.

నమ్మరని వాడు చెప్పింది చదివే మీ గురించే. ప్రార్థన కోటుతో ఇసుకలో నడిచిన ఆ రైతును మీరు నమ్ముతారా, లేదా? వాడికి కాదు, నాకు చెప్పండి.