వందో గడి

నోరీన్ ఫిట్జ్‌నర్‌కు డెబ్భై నాలుగేళ్ళు. చేతిలో తొంభై తొమ్మిది గడులున్నాయి. ఆదివారం పొద్దున్నే ఆవిడ బ్రిస్బేన్ వెళ్ళిపోతోంది. శనివారం పొద్దుగూకేలోపు వందోది పడకపోతే ఆ తొంభై తొమ్మిదీ గాలికి పోయినట్టే.

గడులంటే ఏమీ లేదు. సరదాకి సొంత రేడియోలో దేశదేశాల వాళ్ళతో మాట్లాడే మా హామ్ రేడియో జనం భూగోళం మొత్తాన్ని గళ్ళ దుప్పటిలా గీసుకుని ఒక్కో గడికీ ఓ పేరు పెట్టుకున్నారు. పైన తిరిగే బుల్లి ఉపగ్రహం మీదుగా ఏ గడిలో మనిషితో మాట కలిపితే ఆ గడి మనదైనట్టు. వంద పూర్తయితే గోడకు తగిలించుకోవడానికో పటం పంపుతారు. మెలిక ఒక్కటే. వందా ఒక్క చోటి నుంచే పట్టాలి. మహా అయితే రెండొందల కిలోమీటర్లు అటూ ఇటూ జరగొచ్చు. బ్రిస్బేన్ అంత దూరం ఇల్లు మారితే మళ్ళీ ఒకటో గడి నుంచి మొదలు.

గోధుమ పొలాల మధ్య మా ఊరు కింబా. దాని చుట్టుపక్కల నోరీన్ తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళు మహిళా సంఘానికి కార్యదర్శి. కరువు పట్టిన ఏడు, విత్తనం వేసే పని లేక, ఊరికే కూర్చోలేక, అరవై తొమ్మిదో ఏట పరీక్ష రాసి రేడియో లైసెన్సు తెచ్చుకుంది. కొలత టేపు కత్తిరించి, ఆ ఇనప పట్టీలను ప్లాస్టిక్ గొట్టానికి బిగించి సొంతంగా యాంటెన్నా చేసుకుంది. దాన్ని చేత్తో పట్టుకుని, పెరట్లో నిలబడి, కంటికి కనపడని ఉపగ్రహం వెంట తిప్పుతూ ఐదేళ్ళలో తొంభై తొమ్మిది పట్టింది.

మిగిలిన గడి గాలర్ కొండల అవతల ఉంది. ఉప్పు చెరువులు, గడ్డి దుబ్బులు, దారి తప్పిన గొర్రెలు తప్ప అక్కడ ఎవరూ ఉండరు. ఎవడో ఒకడు రేడియో పట్టుకుని అక్కడిదాకా వెళ్ళాలి. ఆ ఎవడో నేనే. పేరు లిండ్సే షిర్మర్. కింబాలో ట్రాక్టర్లు, కోత యంత్రాలు బాగుచేస్తాను. అంతకుముందు రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ నాలుగు చినుకులు పడగానే మట్టిరోడ్డు మూసేశారు. ఇది మూడోసారి, ఆఖరుసారి.

శనివారం మూడింటికల్లా ఉప్పు చెరువు గట్టున బండి ఆపాను. గడి గీత దాటానో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను. ఫోను పనిచేయని చోటు కాబట్టి షార్ట్‌వేవ్ రేడియోకి తీగ కట్టి నోరీన్‌ను పిలిచాను.

"చేరాను. నువ్వు తయారేనా?"

"నేను ఎప్పుడో తయారు. సామాన్ల లారీ వచ్చింది. వెట్టీ నా కుర్చీ కూడా ఎక్కించేసింది, బకెట్ బోర్లించి కూర్చున్నాను." వెట్టీ ఆవిడ కూతురు ఇవెట్. తల్లిని తీసుకెళ్ళడానికే బ్రిస్బేన్ నుంచి వచ్చింది.

"మూడూ నలభై ఒకటికి వస్తుంది. మొదట్లో జనం ఎక్కువ. చివరి నిమిషం దాకా ఓపిక పట్టు. ఉపగ్రహం మనకు పడమర దిగేసరికి తూర్పు తీరం వాళ్ళకు మునిగిపోతుంది. అప్పుడు ఖాళీ."

"నాకు తెలియదనా చెబుతున్నావు?"

"తెలుసు. కానీ నీ మర్యాదలు కూడా నాకు తెలుసు. మొహమాటపడకు. దూరెయ్."

"చూద్దాం," అంది. ఆ గొంతు నాకేమీ ధైర్యమివ్వలేదు.

ఆ ఉపగ్రహంలో ఒక్కసారికి ఒక్క గొంతే పడుతుంది. ఫుట్‌బాల్ ఆట మధ్య విరామంలో వేడి వేడి మాంసం పైలు అమ్మే కిటికీ ఒక్కటే తెరిచి ఉంటే ఎలా ఉంటుందో అలా. శనివారమైతే మరీను. కిటికీ తొమ్మిది నిమిషాలు తెరిచి ఉంటుంది, మూసేస్తే మళ్ళీ గంటన్నరకు. ఎంత అరిచినా లాభం లేదు, ఎవరి పవర్ బలంగా ఉంటే వాళ్ళ మాటే పైకి పోతుంది.

టైముకి వచ్చింది. మొదట సముద్రం అవతలి సురబాయా వాళ్ళు వినపడ్డారు. వాళ్ళకు ఉపగ్రహమంటే వీధి చివర కాఫీ కొట్టు. తాపీగా ఒకరి పిల్లల సంగతి ఒకరు అడుగుతున్నారు. ఆ సందులో నేను నా కాల్‌సైనూ, అదే లైసెన్సుతో ఇచ్చే గుర్తు పేరూ, గడీ చెప్పాను. అంతే. చెప్పానో లేదో మెల్‌బోర్న్, సిడ్నీ, హోబార్ట్, ఆక్‌లాండ్ అన్నీ నా మీద పడ్డాయి. ఎన్నేళ్ళ నుంచో ఎవరికీ దొరకని గడి మరి.

"దయచేసి నోరీన్‌ను ఒక్కదాన్నే పిలవనివ్వండి, మిగతావాళ్ళు ఆగండి," అన్నాను.

సగంమంది ఆగారు. బల్లారాట్ ఊళ్ళో ఉండే డెస్ ఆగలేదు. డెస్ దగ్గర ఇంటికప్పంత యాంటెన్నా ఉంది, వినే రేడియో మాత్రం పదిహేనేళ్ళనాటిది. అలాంటివాళ్ళను మేం మొసళ్ళంటాం. ఇంత నోరు, చెవులు మాత్రం శూన్యం. వదిలించుకుందామని నేను జవాబిచ్చాను. వినపడలేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ పిలిచాడు. ఆ అరుపుల వెనక సన్నగా ఒక అక్షరం, రెండక్షరాలు. నోరీన్‌వే. అవి కూడా డెస్ కింద నలిగిపోయాయి.

ఎనిమిదో నిమిషానికి ఉపగ్రహం పడమరకు వాలింది. నేను చెప్పినట్టే ఆక్‌లాండ్ మునిగింది, సిడ్నీ మునిగింది, మాట మధ్యలో డెస్ కూడా మునిగాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం.

"నోరీన్, రా," అన్నాను.

రాలేదు. అటు పడమర ఎస్పెరెన్స్ నుంచి ముసలాయన ఒకడు నీరసంగా పిలుస్తున్నాడు. అప్పుడు నోరీన్ గొంతు గంట కొట్టినట్టు వినపడింది. "ముందు మీరు కానివ్వండి సార్, నేను ఆగుతాను."

స్టీరింగుకు తల కొట్టుకున్నాను. ఎస్పెరెన్స్ ఆయన వందనాలు చెప్పి, గడి చెప్పి, వాళ్ళ ఊళ్ళో గాలి ఎటు వీస్తోందో కూడా చెప్పి వెళ్ళాడు. నేను నా గడి మళ్ళీ చెప్పాను. నోరీన్ తన కాల్‌సైన్ చెప్పింది. ఇక గడి చెబితే అయిపోయినట్టే. "గుడాఫ్టర్‌నూన్ లిండ్సే, అంత దూరం వెళ్ళినందుకు ముందుగా నీకు..." అంటుండగా ఉపగ్రహం మునిగిపోయింది.

షార్ట్‌వేవ్ ఎత్తాను.

"నా గడి వినపడిందా నీకు?" అన్నాను.

"శుభ్రంగా వినపడింది. నాది నీకు?"

"కాల్‌సైన్ వినపడింది. గడి వినపడలేదు. కృతజ్ఞతలు మాత్రం వినపడ్డాయి, సగం."

"అయ్యో."

"పోనీ అందినట్టు రాసేసుకుందాం నోరీన్. నీ గడి ఏంటో నాకు తెలియదా? నీ గోధుమ కోసే యంత్రం కింద పడుకునే నా జీవితం సగం గడిచింది."

"తెలియడం వేరు, వినడం వేరు. విననిది రాసి పటం తెచ్చుకుంటే, రోజూ పొద్దున్నే దాని మొహం ఎలా చూడను?"

ఇలాగే అంటుందని తెలిసే అన్నాను. అనకుండా ఉండలేకపోయాను, అంతే.

"ఇంకోటి ఉంది. ఐదూ పదహారుకి. చీకటి పడేలోపు నేను తిరుగు దారి పట్టాలి కాబట్టి అదే ఆఖరు," అన్నాను.

"అది పెర్త్ మీదుగా పోయేది కదా. మనకు నేల పాకుతూ పోతుంది. దాన్నెవరు పట్టించుకుంటారు?"

"అదే నేననేది. ఎవరూ పట్టించుకోరు. తూర్పు తీరానికి అసలు కనపడనే కనపడదు. డెస్ గొంతు చించుకున్నా పైకి పోదు. మూడు నిమిషాలు, కిటికీ దగ్గర మనమిద్దరమే."

"ఇక్కడ నాకు పడమర షెడ్డు అడ్డం. దాని వెనక నీలగిరి చెట్లు. నీకైతే ఉప్పు చెరువు, బల్లపరుపు."

"మీ పొలం చివర రాతిగుట్ట ఉంది కదా, ఎక్కు."

"నా బండి గురువారమే అమ్మేశాను. వెట్టీ ఊళ్ళోకి వెళ్ళింది, శుభ్రం చేసే సామాను కొనడానికి. రెండు కిలోమీటర్లు ఈ మోకాళ్ళతో నడిచేసరికి ఆదివారమవుతుంది." ఆగింది. తర్వాత నాతో కాకుండా పక్కకు తిరిగి అంది. "బాబూ, ఈ లారీ గుట్ట ఎక్కుతుందా?"

లారీ డ్రైవరు పేరు సలేసి. టోంగా మనిషి, బ్రిస్బేన్ దక్షిణాన ఉంటాడు. చీకటి పడేలోపు పోర్ట్ అగస్టా చేరాలని ఇంటిముందు టీ తాగుతున్నాడు. ఆ తర్వాత జరిగింది అతను చెబితేనే నాకు తెలుసు.

"ఎందుకమ్మా గుట్ట?"

"ఒక ఉపగ్రహంతో పనుంది."

సలేసి టీ అంతా తాగి, కప్పు కడిగి, బోర్లించి, అప్పుడడిగాడట. "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?"

"పెద్దదాన్ని నేనే."

"అయితే సరే, ఎక్కండి."

బీరువాలు, మంచాలు, ముప్పై ఏళ్ళనాటి పింగాణీ, అన్నీ మోసుకుంటూ ఆ లారీ గొర్రెల బాట వెంట గుట్ట మొదటిదాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి పైకి రాతి చరియ. సలేసి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ యాంటెన్నా, చేతి రేడియో పట్టుకుంది. పైకి చేరేసరికి ఐదూ పన్నెండు. ఎక్కిన ఆయాసానికి నోరీన్ చేతులు వణుకుతున్నాయి. నేల పాకే ఉపగ్రహానికి యాంటెన్నా అంగుళం కదిలినా పోతుంది.

"ఇలా ఇవ్వండి," అన్నాడు సలేసి. అతని భుజాలు గడ్డివాము వెడల్పు. "ఎటు?"

"అదిగో ఆ ఒంటి చెట్టు నెత్తిన. మెల్లగా ఎడమకు పోతుండాలి. గరగరమంటే మణికట్టు తిప్పాలి, మడిచినట్టు కాదు, తాళం తిప్పినట్టు."

ఇటు నేను బండి టాప్ మీద కూర్చుని వింటున్నాను. మొదట సురబాయా కాఫీ కొట్టు వినపడింది, మెల్లగా దూరమై పోయింది. తర్వాత ఖాళీ. ఐదేళ్ళలో ఆ ఉపగ్రహాన్ని అంత ఖాళీగా నేనెప్పుడూ వినలేదు. నా కాల్‌సైనూ గడీ చెప్పాను.

వెంటనే జవాబొచ్చింది, నోరీన్ కాదు. పెర్త్ నుంచి కెల్విన్. అతనికి ఉపగ్రహం నడినెత్తిన ఉంది, ఎదురుగా నిలబడి మాట్లాడినంత బలంగా ఉన్నాడు. "లిండ్సే, ఆ గడి కోసం పదకొండేళ్ళుగా చూస్తున్నాను మేట్, ఇవ్వు."

"ఆగు కెల్విన్. నోరీన్‌ది వందోది. రేపు ఇల్లు మారుతోంది."

ఈ ముక్క మా వాళ్ళకు చెబితే చాలు, వివరం అక్కర్లేదు. ఇల్లు మారడమంటే ఏమిటో ప్రతివాడికీ తెలుసు.

"నోరు మూసుకున్నాను," అన్నాడు కెల్విన్. మూసుకున్నాడు.

"నోరీన్. ఉట్టి కాల్‌సైనూ గడీ చాలు. నా ఆరోగ్యం బాగానే ఉంది, దారి బాగానే ఉంది."

గరగర. ఏమీ లేదు. నిమిషం గడిచింది. మళ్ళీ పిలిచాను. గరగరలోంచి ఎక్కడో ఒక మగ గొంతు, "ఇలాగా?" అంటోంది. మళ్ళీ గరగర. ఇక రెండు నిమిషాలు కూడా లేవు.

తర్వాత తాళం తిరిగినట్టుంది. నోరీన్ కాల్‌సైన్, ఒక్కో అక్షరం, గులకరాళ్ళు పేర్చినట్టు. తర్వాత గడి, రెండక్షరాలు, రెండంకెలు. అంతే. ఆవిడ జన్మలో అంత తక్కువ మాట్లాడింది లేదు.

"అందింది నోరీన్," అని ఆవిడ గడిని ఆవిడకే తిరిగి చెప్పి, నాది మళ్ళీ చెప్పాను.

"అందింది," అంది. ఒక్క క్షణం ఆగి, "ఇక మీరు కానివ్వండి కెల్విన్, చాలాసేపు ఆపాను," అంది.

కెల్విన్‌కూ గడి ఇచ్చాను. అతను వందనం చెప్పేలోపు ఉపగ్రహం ఉప్పు చెరువు అవతలి అంచున దిగిపోయింది. టైము రాసుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని బండి టాప్ మీదే కాసేపు గంతులేశాను. టాప్ సొట్ట పడింది. ఇప్పటికీ అలాగే ఉంది.

ఆరూ పదికి దారిలో గొర్రెల ఫారం వాళ్ళ ఇంటి దగ్గర ఆగి, వాళ్ళ ఫోను అడిగి నోరీన్ ఇంటికి చేశాను. ఇవెట్ ఎత్తింది.

"లిండ్సే, మా అమ్మను ఏం చేశావు?"

"ఏం, ఇంటికి రాలేదా?"

"అమ్మా రాలేదు, లారీ రాలేదు. సబ్బూ బ్రష్షూ పట్టుకుని వచ్చేసరికి ఇల్లు ఖాళీ. గుట్ట మీద టార్చిలైటు కనపడితే వెళ్ళాను. దిగమంటే దిగదే. ఆరున్నరకు ఇంకో ఉపగ్రహం ఉందట. బ్రిస్బేన్ వెళ్ళాక ఎలాగూ ఒకటి నుంచే కదా, పొద్దున దాకా ఇక్కడివి ఎన్ని పడితే అన్ని పడతానంటోంది."

"మరి సలేసి? అతను పోర్ట్ అగస్టా పోవాలి కదా?"

"ఆయన సంగతే చెప్పొస్తున్నాను. చేతులు నొప్పెడతాయి, యాంటెన్నా నేను పట్టుకుంటానులే అని చెయ్యి చాచాను. ఇవ్వనన్నాడు. నీకు తాళం తిప్పడం రాదన్నాడు."