మొదటి మొక్క

శశికళ బ్లేడుతో తొంభై ఏడో కన్ను కోసింది. చిగురు పుట్టే కన్ను బతికుంటే లోపల పచ్చగా ఉండాలి. ఇదీ నల్లబడింది. పోయిన వారం న్యూయార్క్ రాష్ట్రంలోని ఈ సరస్సు ఒడ్డున చలి మైనస్ పన్నెండు ఫారెన్‌హీట్‌కి దిగింది. తోట ఏమైందో చూద్దామని ద్రాక్ష కొమ్మలు తెచ్చి, రెండు రోజులు వంటింట్లో వెచ్చగా ఉంచింది.

"కూరగాయలు కోసే చోట ఈ పుల్లలేమిటమ్మా?" అంది అత్తగారు కనకదుర్గ.

వందకి డెబ్బై చచ్చాయి. రేపు కత్తిరింపు పనివాళ్ళొస్తారు. ఎప్పటిలా కొమ్మకి రెండు కళ్ళే వదిలితే ఈ ఏడు పంట మీద ఆశ వదులుకోవలసిందే. ఆరు వదిలితేనే రెండైనా బతికిన కళ్ళు మిగులుతాయి.

భర్త తేజేశ్వర్‌కి అదే చెప్పింది. అతను ల్యాప్‌టాప్ లోంచి తలెత్తలేదు.

"ఎవ్రీ ఇయర్ రెండేగా శశీ! గార్డెనింగ్ నీ హాబీ. డిసిషన్స్ నాకు వదిలెయ్."

హాబీ అట! ఎనిమిదేళ్ళుగా నవంబరులో మొదళ్ళకి మట్టి కప్పేదెవరు, ఏప్రిల్‌లో తీసేదెవరు? టెక్సస్‌లోని ప్లేనో నుంచి స్నేహితులొస్తే "మై వైన్‌యార్డ్" అని గ్లాసెత్తేది ఆయన, ఆ గ్లాసులు కడిగేది తను. ఈ చలికి మెర్లో రకం ద్రాక్ష ఆగదు, వద్దండీ అని మొత్తుకున్నా వేయించాడు. అది ఎండిపోతే "శశి సరిగ్గా చూసుకోలేదు" అని అందరి ముందూ నవ్వాడు. తనూ నవ్వింది. ఛీ, ఎందుకు నవ్వినట్టు? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

పనివాళ్ళకో పద్ధతుంది. యజమాని మొదటి మొక్క కత్తిరించి చూపిస్తే తోటంతా అలాగే కత్తిరించుకుపోతారు. ఏటా ఆ మొక్క తేజేశ్వర్‌ది. కొత్త గ్లవ్స్, చేతిలో కత్తెర, ఫేస్‌బుక్‌లో ఫొటో. తీసేది శశికళ.

పొద్దున్నే బూట్లు వేసుకుంటుంటే "కాఫీ ఏదమ్మా?" అంది అత్తగారు.

"డికాక్షన్ దిగింది అత్తయ్యా. మీ అబ్బాయిని కలపమనండి."

వ్యాను దిగిన మేస్త్రీ అలవాటుగా ఆమెను దాటి ఇంటివైపు చూశాడు. తేజేశ్వర్ వచ్చి అందరి ముందూ ఆపేస్తే? అయినా శశికళ మంచులోకి దిగి మొదటి మొక్క కత్తిరించింది, కొమ్మకి ఆరు కళ్ళు వదిలి. తోటంతా ఇలాగేనని ఇంగ్లీషులో చెప్పింది.

తేజేశ్వర్ వచ్చేసరికి రెండు వరుసలయ్యాయి.

"ఆరా? ఎవరు చెప్పారు వీళ్ళకి? స్టాప్ చేయించు!"

మేస్త్రీ కత్తెర ఆపి శశికళ వైపు చూశాడు.

"కానివ్వండి" అందామె అతనితో. తర్వాత భర్త చేతిలో తన ఫోన్ పెట్టి, మొదటి మొక్క పక్కన నిలబడింది.

"ఈసారి ఫొటో మీరు తీయండి."